కొంగున కట్టిన పప్పు

దమయంతి ఆటో దిగేసరికి తమ్ముడు కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు.

మొదట ఎవరో కాయలు దింపే కూలీ అనుకుంది. కానీ చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి చూస్తున్న తల్లి దాలెమ్మ ముఖం పెళ్ళివారింట్లో ఉన్నట్టు వెలిగిపోతుంటే అనుమానం వచ్చి తనూ తలెత్తింది. జగన్నాథమే. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొస్తే, మంచం మీద వాలి మర్నాడు మధ్యాహ్నానికి గానీ కళ్ళు తెరవని జగన్నాథం. గడప దాటి నూతి దాకా నడవాలంటే మధ్యలో ఉన్న, బట్టలుతికే చాకిరాయి మీద ఓసారి కూర్చుని లేచే జగన్నాథం. ఆ మనిషి కాళ్ళకి బంధం వేసుకుని గెలలు నరుకుతున్నాడు.

"ఒరే, దిగరా. మతి పోయిందా నీకు?"

"ఏటప్పా, అలా హడలిపోతావు? ఒళ్ళు తేలిగ్గా ఉన్నాది" అన్నాడు పైనుంచి.

"ఆడినేటీ అనకే" అంది దాలెమ్మ. "ఎన్నాల్లకో పిల్లడి ఒంట్లో సత్తువొచ్చినాది. నువ్వు దిష్టెట్టకు."

దమయంతి చేతిసంచీ కింద పెట్టి చాకిరాయి మీద కూర్చుంది. పలాసలో పొద్దున్నుంచీ నిలబడి పనిచేసి వచ్చింది, పాదాలు పొంగి చెప్పులు బిగిసిపోయాయి. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి కిడ్నీ జబ్బు ఎంత తెలుసో అంతా ఆమెకీ తెలుసు. పైగా చదువుకుంది, అదేదో పరిశోధన కూడా చేస్తోంది. చెడిపోయిన కిడ్నీలతో మనిషి ఉన్నట్టుండి చెట్టెక్కడని ఆ పూటే అనుకోవలసింది. కానీ అలిసిపోయి ఉంది, చాలాకాలానికి ఇంట్లో ఒక మంచి మాట వింది. తమ్ముడు దిగొచ్చి బోండాం కొట్టి ఇస్తే తాగి, కళ్ళు తుడుచుకుని ఊరుకుంది.

కాశీబుగ్గ అవతల జీడితోటల మధ్య ఒక కంపెనీవాళ్ళు పెట్టిన పరిశోధన కేంద్రంలో దమయంతి పనిచేసేది. జీడిపప్పు సంగతి ఆమెని నిద్రలో లేపి అడిగినా చెప్పేది. రాగి, మెగ్నీషియం, జింకు, కాస్త ఇనుము, గుండెకి మేలుచేసే కొవ్వు, మాంసకృత్తులు. రోజూ చిన్న గుప్పెడు తింటే ఒంటికి మంచిది. నూనెలో వేయించి, ఉప్పూ కారం చల్లి, టీవీ ముందు గిన్నెడు లాగిస్తే ఆ మంచంతా నడుం చుట్టూ చేరుతుంది. ఇదంతా లోకానికి తెలిసిందే. అయితే కేంద్రం తోటలో అంటుకట్టిన ఒక చెట్టు పప్పులో లోకానికి తెలియనిది ఒకటి దొరికింది. అది పప్పులోని కొవ్వుని పట్టుకుని నెత్తుట్లోకి, అక్కణ్ణించి మెదడులోకి పోతుంది. ఆ పప్పు పెట్టిన ఎలుకలు చక్రమెక్కితే దిగేవి కావు. మామూలు ఎలుకలు సొమ్మసిల్లి మూల చేరాక కూడా ఇవి ఉత్సాహంగా పరిగెడుతూనే ఉండేవి.

"అలుపే లేకుండా చేసేశాం దమయంతీ" అని డైరెక్టరు విద్యాసాగర్ గారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. శ్రమహారి అని పేరు కూడా పెట్టేశారు, బారసాల చేయడం ఒక్కటే తక్కువ. ఓ ఉదయం వచ్చి చూస్తే ఒక ఎలుక చక్రంలోనే చచ్చిపడి ఉంది. "ఏసీ పాడైంది కదమ్మా, ఉక్కకి పోయుంటుంది" అన్నారాయన. ఏసీ పాడైన మాట నిజమే. దమయంతి ఆ ఎలుకని కాగితంలో చుట్టి పారేయించింది.

ఆ తర్వాత మనుషుల వంతు వచ్చింది. అలుపున్న మనుషులు కావాలంటే పలాసలో వెతుక్కోనక్కర్లేదు. దాలెమ్మ పనిచేసే జీడి కార్ఖానాకే వెళ్ళింది దమయంతి. దాలెమ్మ కూతురంటే అక్కడి ఆడవాళ్ళు కాదనరు.

ఉడికిన జీడిపిక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి చీల్చి పప్పు తీయడం వాళ్ళ పని. పెంకులో ఉండే జీడి రసం తగిలి వేళ్ళు నల్లబడి, చర్మం ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడుతుంది. గుండుపప్పు విరగకుండా తీయాలి. సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపి చూపించి బయటికి నడవాలి. ఆ కొంగులో ఒక్క పప్పు దొరికినా మర్నాటి నుంచి పనిలేదు. దాలెమ్మ పెళ్ళైన కొత్తలో అక్కడ చేరింది. లోకంలో ఎందరి పాయసాల్లోకో పప్పు తీసి పంపింది కానీ ఒక గుండుపప్పు తన నోట్లో వేసుకున్న పాపాన పోలేదు.

ఈ ప్రయోగంలో చేరినవాళ్ళకి, వాళ్ళతోపాటు దాలెమ్మకి కూడా, రోజూ ఒక పొట్లం. కిడ్నీ పరీక్ష చేయకుండా ఎవర్నీ చేర్చుకోలేదు. జీడిపప్పులో పొటాషియం, ఫాస్ఫరస్ దండిగా ఉంటాయి, బాగున్న కిడ్నీ వాటిని వడగట్టుకుంటుంది, చెడినది వడగట్టలేదు. ఈ కొత్త పదార్థం కూడా మర్నాటికి కిడ్నీల దారినే బయటికి పోవాలి. ఇవన్నీ దమయంతి ఆ ఆడవాళ్ళకి వాళ్ళ మాటల్లోనే చెప్పింది, కానీ వాళ్ళకి గుర్తుండిపోయింది చివరి మాట ఒక్కటే. "ఇది బలం. ఆకలికి కాదు, బలానికి" అని పొట్లం పైకెత్తి చూపించింది. పని మధ్యలో కూర్చుని తినడానికి యజమాని ఒప్పుకోకపోతే, "ఇంటికాడ అన్నంతో తింటాం పాపా, నీకెందుకా బెంగ" అన్నారు వాళ్ళు. సరేనని గేటు దగ్గర వాచ్‌మన్‌తో తనే మాట్లాడింది. అలా ఆ ఆడవాళ్ళు పప్పు కొంగున ముడేసుకుని, ఎవరికీ దులిపి చూపించకుండా దర్జాగా గేటు దాటడం మొదలైంది.

వారం వారం వెళ్ళి అడిగేది. అలుపు తగ్గిందా? తగ్గినాదమ్మా. నిద్ర పడుతోందా? పడతన్నాది. గుండెదడ, కడుపునొప్పి, దురద? అబ్బే, అలాటియ్యేటీ నేవు. అందరిదీ ఒకటే మాట. పరీక్షల్లోనూ ఏ దోషమూ కనబడలేదు. విద్యాసాగర్ గారు నివేదిక పూర్తి చేయించి, తేయాకు తోటల నుంచి ఓడరేవుల దాకా మూడు షిఫ్టులు నడిచే ప్రతిచోటుకీ ఈ పప్పు వెళ్తుందని చెప్పసాగారు. దమయంతి తల ఊపేది. అంతకంటే ఎక్కువ సంతోషించే ఓపిక ఉండేది కాదు.

జగన్నాథం చెట్టెక్కిన కొన్నాళ్ళకి, అతను పడిపోయాడని ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. తోటలో పాదులు తవ్వుతూ తవ్వుతూ, మాట్లాడుతున్నవాడు మాట్లాడుతున్నట్టే కూలిపోయాడట. ఆయాసపడలేదు, చెమట తుడుచుకోలేదు, ఓసారి కూర్చుంటానని కూడా అనలేదు.

దమయంతి ఆసుపత్రికి చేరేసరికి అతనికి డయాలసిస్ మొదలుపెట్టారు. డాక్టరమ్మ ఆమెని పక్కకి పిలిచింది. "వరసగా రెండు మూడుసార్లు డయాలసిస్‌కి రాలేదు. ఒంట్లో నీరసం లేదు, రావడమెందుకని మానేశాడట. పొటాషియం విపరీతంగా పెరిగి గుండె లయ తప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే మన చేతుల్లో లేదు. నాకు అర్థం కానిది ఇంకొకటుంది. రక్తపరీక్ష చూస్తే కండరాలు చితికిపోయి ఉన్నాయి, ఈ స్థితిలో మనిషి చెయ్యి కూడా ఎత్తలేడు. ఇతనేమో లేచి కూర్చుని నర్సులతో కబుర్లాడుతున్నాడు. ఏం తింటున్నాడమ్మా? కొబ్బరినీళ్ళా? అరటిపళ్ళా? జీడిపప్పేమైనా పెడుతున్నారా?"

దమయంతి వెనక్కి తిరిగి తల్లిని చూసింది. దాలెమ్మ చెయ్యి అప్పటికే కొంగుముడి మీదికి వెళ్ళింది. డాక్టరమ్మ ముందు దాచుకునే ప్రయత్నమేమీ చేయకుండా ముడి విప్పింది. ఆనాటి పొట్లం అందులో అలాగే ఉంది.

"ఆడికే ఎడతన్నాను" అంది. "రోజూ. మెత్తగా నూరి గంజిలో కలిపీసి."

"నీకిచ్చింది కదమ్మా. నిన్ను తినమని ఇచ్చింది."

"నువ్వే సెప్పినావు కాదేటే, బలమని. పిల్లడు మంచాన పడుంటే బలం తెచ్చి నా నోట్లో ఏసుకోమంటావా?" దాలెమ్మ గొంతులో తప్పు చేసిన బెదురు లేదు, నిజంగా అర్థం కాకపోవడమే ఉంది. "నాకెందుకే బలం? నానెలాగైనా సేస్తాను కాదేటి పని."

దమయంతి ఆ పొట్లం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఆ తల్లి కడుపున పుట్టి, ఆ ఇంట్లో పెరిగి, ఒక ముద్ద ఎక్కువైతే అది ఎవరి కంచంలోకి పోతుందో చిన్నప్పటి నుంచీ కళ్ళారా చూసి కూడా, పొట్లం చేతిలో పెడితే తల్లి తింటుందని నమ్మింది. ఇంత చదువూ చదివి ఇంత తెలివితక్కువ పని ఎలా చేశానని గుండె మండిపోయింది. ఆ వెంటనే చక్రంలో చచ్చిన ఎలుక గుర్తొచ్చింది. అది ఉక్కకి చావలేదు. దాని కాళ్ళు ఇక చాలని మొత్తుకుంటూనే ఉన్నాయి, ఆ కబురు మెదడుకి చేరలేదు. పప్పు అలుపు తీర్చడం లేదు. అలుపు చెప్పే మాట వినబడకుండా చేస్తోంది.

మర్నాడు కార్ఖానాకి వెళ్ళి, ప్రయోగంలో ఉన్న ఆడవాళ్ళందర్నీ అన్నాల వేళ ఒకచోట కూర్చోబెట్టింది. తమ్ముడి సంగతి చెప్పింది. తర్వాత అడిగింది. "ఈ పప్పు నోట్లో వేసుకుని నమిలి మింగినవాళ్ళు ఒక్కసారి చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఒకావిడ ఎత్తబోయి పక్కావిడ మొహం చూసి దించేసింది.

"మరి అలుపు తగ్గిందన్నారు కదమ్మా."

"తగ్గనేదంటే ఆపీస్తారని" అంది తలవంచుకుని ఓ ముసలామె.

"నీ పని సెడిపోద్దేమోనని కూడాను" అంది వెనకనుంచి ఇంకొకావిడ. "మన దాలెమ్మ కూతురు, కష్టపడి సదువుకున్నాది, నేదని ఎలా సెప్పీది?"

ఆ తర్వాత ఒక్కొక్కరూ నోరు విప్పారు. ఒకావిడ పురిటికొచ్చిన కూతురికి పెట్టింది. ఇంకొకావిడ అల్లుడొచ్చినప్పుడు పరమాన్నంలో వేసేద్దామని డబ్బాలో దాచింది, అల్లుడు ఇంకా రాలేదు. వరసగా పరీక్షలున్న మనవరాలికి పెట్టిన ఆవిడ, అది నిద్రపోకుండా చదువుతోందని వీధంతా చెప్పుకుని మురిసిపోయిందట. ఒక ముసలి మామగారు ఈ పప్పు తిని ఎన్నో మైళ్ళ దూరంలో ఉన్న మందస దాకా నడిచి వెళ్ళి నడిచి వచ్చాడు. ఇప్పుడు మోకాళ్ళు గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి, నొప్పి మాత్రం లేదంటున్నాడు. దమయంతి వింటూ కూర్చుంది. తన నివేదికలో ఏ దోషమూ లేనివాళ్ళందరూ అసలు పప్పే తిననివాళ్ళు. తిన్నవాళ్ళలో ఒక్కరూ నివేదికలో లేరు.

విద్యాసాగర్ గారికి ఆ సాయంత్రమే చెప్పింది. ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. "మీ తమ్ముడి విషయం బాధాకరమే. కానీ అతను మన ప్రయోగంలో లేడు దమయంతీ. రోగి అసలే."

"ప్రయోగంలో లేనివాళ్ళే తిన్నారు సార్. ఉన్నవాళ్ళు తినలేదు. మన దగ్గర ఉన్నది అలిసిపోయిన ఆడవాళ్ళ మొహమాటం. దాన్నే మనం ఫలితమని రాసుకున్నాం."

"మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి మన ఎదురుగా తినిపిద్దాం."

"తింటారు. తిని ఆ ఎలుకలాగే పనిచేస్తారు. యజమానులు ఆపమంటారా సార్? ఆపమని చెప్పేది ఇన్నాళ్ళూ ఆ ఒక్క అలుపే."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఆయనా పెద్దవారైపోయారని, కొన్నాళ్ళలో పదవీ విరమణ అని, ఈ చెట్టుమీదే ఆశంతా పెట్టుకున్నారని దమయంతికి తెలుసు. జాలి వేసింది. కానీ లేచి వెళ్ళిపోలేదు, ఆయన నోటితో అనేదాకా కూర్చుంది.

"ఆ ఎలుకని కోసి చూడాల్సిందమ్మా" అన్నారు చివరికి. నివేదిక వెనక్కి తీసుకుంటున్నట్టు కంపెనీకి తనే ఫోన్ చేశారు. ఆ చెట్టు కాయల్ని ఎవరూ కోయకుండా తోట గేటుకి తాళం వేయించారు. కంపెనీ వాళ్ళు అంత తేలిగ్గా వదులుతారా అనేది వేరే సంగతి. ఆ పోట్లాట ముందుందని ఇద్దరికీ తెలుసు.

పప్పు ఆపేశాక మిగతావాళ్ళంతా రెండు మూడు రోజుల్లో మామూలైపోయారు. చదువుకునే మనవరాలు రోజంతా నిద్రపోయి లేచింది. ముసలాయన మోకాళ్ళు పట్టుకుని మూలిగాడు. దమయంతి ఇల్లిల్లూ తిరిగి చూసుకుంది. జగన్నాథం సంగతే వేరు. పనిచేయని కిడ్నీలు ఆ పదార్థాన్ని బయటికి పంపలేవు, కొవ్వుని పట్టుకుని కూర్చున్న దాన్ని డయాలసిస్ యంత్రమూ లాగలేదు. ఎప్పటికి పోతుందో, అసలు పోతుందో పోదో ఎవరికీ తెలియదు. అందాకా అతని ఒళ్ళు లోపల చితుకుతున్నా అతనికి తెలియదు.

ఆమె సెలవు పెట్టి ఇంటికొచ్చేసింది. తల్లీ కూతుళ్ళిద్దరూ వంతులేసుకుని కాపలా కాశారు. పార దాచారు, కత్తి దాచారు. అతను గోడమీద రాళ్ళు సర్దడం మొదలుపెడితే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

"తొంగోరా కాసేపు."

"నిద్ర రాదప్పా. నా ఒళ్ళు నాకు తెల్దేటి?"

"తెలీదురా. ఇప్పుడు నీ జబ్బే అది."

అతనికి కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ అక్క మాటకి ఎదురు చెప్పనివాడు ఆ రోజు మంచం కోడు మీద గుద్దాడు. "ఈ కొన్నాల్లే నాను మనిషిలాగ బతికినాను. సెట్టెక్కినాను, పది మందిలో తిరిగినాను. ఒకలి సెయ్యి పట్టుకోకండా నడిసినాను. మల్లీ నన్ను మంచానికి కట్టీడానికేటి, పట్నంనుంచొచ్చినావు?"

నిజమే అనుకుంది దమయంతి. తనే ఆ పప్పు చేసింది, తనే లాక్కుంది. వాడు ఆనందపడిన మాటా అబద్ధం కాదు, వాణ్ణి అది చంపబోయిన మాటా అబద్ధం కాదు. పక్కింటివాళ్ళు వినకుండా పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది.

రోజూ పొద్దునా సాయంత్రం ఒకటే ప్రశ్న. "అలుపుగా ఉందిరా?" "నేదు." కార్ఖానాలో ఆడవాళ్ళని ఇదే ప్రశ్న అడిగి లేదనిపించుకోవాలని చూసింది. ఇప్పుడు తమ్ముడు ఉందంటే చాలని దేవుళ్ళకి మొక్కుతోంది. డయాలసిస్‌కి బలవంతంగా తీసుకెళ్ళడం, బలవంతంగా పడుకోబెట్టడం, గడియారం చూసి లేపడం. దాలెమ్మ పనిలోకి పోవడం మానేసి గడపలో కూర్చునేది. కొడుకు బయటికి రాబోతే కాలు అడ్డం పెట్టేది. తను చేసిందేమిటో ఆమెకి మెల్లగా తెలిసొచ్చినట్టుంది. దాని గురించి నోరెత్తలేదు కానీ, ఆ రోజు నుంచీ తన కొంగుకి ముడి వేయలేదు.

వానలు మొదలయ్యాక ఓ సాయంత్రం దమయంతి బట్టలు ఆరేస్తుంటే జగన్నాథం బకెట్టు పట్టుకుని నూతివైపు బయల్దేరాడు. ఆపుదామనుకుని, ప్రతిదానికీ ఆపితే ఎలాగని ఊరుకుంది. అతను సగం దూరం నడిచాడు. చాకిరాయి దగ్గర ఆగాడు. దాన్ని అప్పుడే చూసినట్టు చూసి, చేత్తో తడిమి, మెల్లగా కూర్చున్నాడు. బకెట్టు దొర్లి నూతిచప్టా దాకా పోయింది.

ఆమె చేతిలో చీర అలాగే వదిలేసి పరిగెత్తింది. "ఏంరా? ఏమైంది?"

"కాళ్ళు లాగతన్నాయప్పా" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నడుం పడిపోతన్నాది. బాబోయ్, అలుపు. ఎంతలుపే ఇది."

దమయంతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అతని తల పట్టుకుని పొట్టకి అదుముకుంది. అతను వదిలించుకోలేదు, వదిలించుకునే ఓపిక లేదు.

"నీకు సంతోషంగున్నాదేటి?"

"ఉందిరా. అబద్ధమెందుకు, చాలా సంతోషంగా ఉంది."

"నాకు నేదు" అన్నాడు జగన్నాథం. "బాగుపడిపోనాననుకున్నాను కాదేటి."

దాలెమ్మ గడపలోంచి లేచి వచ్చింది. కొడుకు పక్కన రాయి మీద చోటు చేసుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఇంకా పని మిగిలి ఉండగా ఆమె కూర్చోవడం పిల్లలిద్దరూ ఎప్పుడూ చూడలేదు. నల్లబడ్డ వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ, "నాకూ ఉన్నాదిరా అలుపు" అంది. "నీ పుటకకి ముందునుంచీ ఉన్నాది. ఎవలడిగినారు గనక సెప్పడానికి? అడిగినప్పుడేమో తగ్గిపోనాదని సెప్పీసినాను."

దమయంతి వాళ్ళ కాళ్ళ దగ్గర తడిమట్టిలోనే కూలబడింది. చీకటి పడబోతోంది, ఆరని బట్టలు తీగె మీద వేలాడుతున్నాయి, పొయ్యి ఇంకా వెలిగించలేదు.

కాసేపటికి జగన్నాథం తల్లి భుజం మీద తల వాల్చాడు. "రేపు డయాలసిస్ కాదేటప్పా?"

"అవును."

"పొద్దున్నే లేపు. నాను మరి లెగలేను."

లేపుతానంది దమయంతి. నూతి దగ్గర బకెట్టు పడి ఉంది, తేవాలని ముగ్గురికీ తెలుసు. ముగ్గురిలో ఎవరూ లేవలేదు.